రాత్రి పదిన్నరకి గట్టు ఖాళీ చేయిస్తే కుర్రాళ్లు ఎక్కడికి పోతారు?

ఈ మధ్య రాజమండ్రిలో నలుగురు పెద్దవాళ్లు కలిసిన చోటల్లా ఒక మాట వింటున్నాను. గోదారి గట్టు మీద కుర్రకారు ఎక్కువైపోయారు, రాత్రి పది దాటాక అక్కడ ఎవరూ ఉండకుండా కర్ఫ్యూ లాంటిది పెట్టాలి అని. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే రిటైర్డ్ ఉద్యోగులు అంటున్నారు. మా బంధువుల్లో పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా అంటున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ మాట తప్పని గట్టిగా నమ్ముతున్నాను. గడియారం చూసి జనాన్ని తరమడానికి అలవాటు పడిన ఊరు, జనాన్ని ఎలా నడిపించాలో ఎప్పటికీ నేర్చుకోదు. 2027లో పుష్కరాలు పెట్టుకున్న ఊరికి అది చాలా పెద్ద లోపం.

రాత్రిపూట గట్టుకి రానివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. సాయంత్రం పుష్కర ఘాట్‌లో హారతి చూసుకుని కుటుంబాలు ఎనిమిదింటికల్లా సర్దుకుంటాయి. ఆ తర్వాత గట్టు కుర్రాళ్లది. బజ్జీల బళ్లు, పిడతకింద పప్పు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఐస్‌క్రీం బళ్లు, టీ ఫ్లాస్కులు. గోడ మీద వరసగా కూర్చుని ఫోన్లో పాట పెట్టుకున్నవాళ్లు, పుట్టినరోజు కేకు కోసుకునేవాళ్లు, ఏమీ చెయ్యకుండా నీళ్లకేసి చూస్తూ కూర్చునేవాళ్లు. శని, ఆదివారాల్లో కాలు పెట్టడానికి చోటుండదు. కొత్త సినిమా రిలీజైన రోజు, క్రికెట్ మ్యాచ్ గెలిచిన రోజు, డిసెంబరు 31న సరే సరి.

వీళ్లెవరు అన్నది ముఖ్యం. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను కాబట్టి సగంమంది ముఖాలు నాకు తెలుసు. రాజానగరం వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలు, పోటీ పరీక్షల కోచింగ్ కోసం వచ్చి ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకునేవాళ్లు, కొవ్వూరు నుంచి బ్రిడ్జి దాటి వచ్చేవాళ్లు, కడియం నర్సరీల్లో పనిచేసే కుర్రాళ్లు. ఇంకో గుంపు ఉంది, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తాడితోట బట్టల షాపుల్లో, మెయిన్ రోడ్డు షాపుల్లో సేల్స్‌లో పనిచేసే పిల్లలు. పొద్దుటి నుంచి నిలబడే ఉంటారు. షట్టరు దించి, లెక్క అప్పజెప్పి బయటపడేసరికి తొమ్మిదిన్నరో పదో అవుతుంది. పదిన్నరకి గట్టు మూసేస్తే వాళ్లకి రోజు మొత్తంలో తమదంటూ అరగంట కూడా మిగలదు.

ఇదంతా ఎందుకంటే, ఈ ఊళ్లో జేబులోంచి రూపాయి తియ్యకుండా నలుగురు కూర్చోగలిగిన చోటు ఇదొక్కటే. మాల్‌కి వెళ్తే ఖర్చు, హోటల్లో ఆర్డర్ ఇవ్వకుండా కూర్చోనివ్వరు, పార్కులు చీకటి పడగానే మూసేస్తారు. గదికి పోతే ఉక్కపోత, ఫ్యాను ఒకటి, మనుషులు ఐదుగురు. గట్టు మీద గాలి మాత్రం ఫ్రీ.

ఇప్పుడు అక్కడ జరుగుతున్నదేంటి? రాత్రి పదిన్నర అయ్యేసరికి పోలీసు బండి వస్తుంది. ముందు విజిల్, తర్వాత మైకు. "లేవండి, బయల్దేరండి" అంటారు. బండ్లవాళ్లు పొయ్యిలు ఆర్పేస్తారు. అయిదు నిమిషాల్లో వందలమంది ఒకేసారి లేచి, ఒకేసారి బైకులు తీసి, ఒకే ఇరుకు సందులోంచి బయటికి పోవడానికి తోసుకుంటారు. అందరూ చల్లగా, విడివిడిగా వెళ్లాల్సిన జనాన్ని మనమే కూడగట్టి ఒక్క గుంపు చేస్తున్నాం.

ఆ డ్యూటీలో ఉండే ఒక కుర్రాడు నా దగ్గర చదువుకున్నవాడే. ఒకరోజు పక్కకి పిలిచి అడిగాను, ఎందుకురా ఇలా తరుముతారు అని. "మీకు తెలీందేముంది మాస్టారూ. పైనుంచి క్లియర్ చెయ్యమంటారు. మేం నలుగురం. నలుగురం ఇంతమందితో మాట్లాడి పంపలేం, విజిల్ వేసి పంపగలం" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. వాడికి ఇచ్చిన పని తప్పు, ఇచ్చిన మనుషులు చాలరు.

మరి ఆ కుర్రాళ్లు ఇంటికి పోతున్నారా? కొందరు పోతారు. మిగతావాళ్లు బైపాస్ మీద ధాబాల దగ్గరికి, నాలుగో బ్రిడ్జి వైపుకి, దివాన్‌చెరువు దాటి హైవే పక్కకి. వెలుతురు ఉన్న చోటు నుంచి చీకట్లోకి, పదిమంది కళ్ల ముందు నుంచి ఎవరికీ కనపడని చోటుకి, నడక నుంచి బైకు మీదకి. ఒక బండి మీద ముగ్గురు. లారీలు వంద మీద పోయే రోడ్డు. తల్లిదండ్రులు హమ్మయ్య అనుకుంటున్నది గట్టు ఖాళీ అయిందని. వాళ్ల అబ్బాయి ఎక్కడున్నాడో వాళ్లకి తెలీదు.

తిరుగు ప్రయాణం గురించి ఆలోచించకపోతే ఏమవుతుందో మన జిల్లాకి తెలుసు. 2025 జనవరి 4న రాజమండ్రి పక్కనే ఒక పెద్ద సినిమా వేడుక జరిగింది. అన్ని అనుమతులతో, మంత్రులూ హీరోలూ వచ్చిన వేడుక. అది చూసుకుని ఏడీబీ రోడ్డు మీద కాకినాడకి బైకు మీద తిరిగి వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్లు దారిలో ప్రమాదంలో చనిపోయారు. స్టేజీ ఎంత పెద్దది, లైట్లు ఎన్ని, వీఐపీల దారి ఎటు అని అందరూ ప్లాన్ వేశారు. అంతమంది కుర్రాళ్లు అర్ధరాత్రి ఏ బండి ఎక్కి ఇల్లు చేరతారన్నది ఎవరి కాగితం మీదా లేదు.

చట్టం మాట కూడా కొంచెం చూద్దాం, ఎందుకంటే "144 పెట్టేస్తే సరిపోతుంది" అని తేలిగ్గా అనేస్తున్నారు. మన నోట్లో ఇంకా 144గానే ఉన్న ఆ సెక్షను 2024 జూలై 1 నుంచి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 163 అయింది. ముంచుకొస్తున్న ప్రమాదాన్ని ఆపడానికి మెజిస్ట్రేట్ ఇచ్చే ఆర్డర్ అది. మామూలుగా రెండు నెలలకి మించి ఉండకూడదు. 2020 జనవరిలో కశ్మీర్ ఇంటర్నెట్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ గురించే చెప్పింది: కారణం రాతపూర్వకంగా ఉండాలి, ఆర్డర్ బయటపెట్టాలి, అదేపనిగా మళ్లీ మళ్లీ పొడిగించడం అధికార దుర్వినియోగం అని. మన రాష్ట్రంలోనూ ఒక అనుభవం ఉంది. 2022 డిసెంబరు 28న కందుకూరు రోడ్‌షోలో ఎనిమిదిమంది, కొత్త సంవత్సరం మొదటి రోజున గుంటూరులో ముగ్గురు తొక్కిసలాటల్లో చనిపోయారు. మర్నాడే ప్రభుత్వం రోడ్ల మీద సభలకి అడ్డుకట్ట వేస్తూ జీవో నంబర్ 1 తెచ్చింది. ఆ మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. చనిపోయింది ఇరుకు దారుల వల్ల, పోగైన జనానికి సరిపడా చోటు చూడకపోవడం వల్ల. జీవో వచ్చింది జనం పోగవకుండా ఉండటానికి.

కర్ఫ్యూ ఎప్పుడూ వద్దని నేను అనడం లేదు. 2022 మే 24న అమలాపురంలో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ ఇళ్లు తగలబెట్టారు, బస్సులు కాల్చారు. ఆ సాయంత్రం 144 పెట్టడం, రోడ్లు మూసెయ్యడం అవసరమే. మంట ఎదురుగా కనపడుతోంది. కానీ ఆ రోజు పెట్టాల్సినదాన్ని, టీ తాగుతూ గోడ మీద కూర్చున్న కుర్రాడి మీద ప్రతి రాత్రీ పెట్టమంటే ఎలా? రెండింటినీ ఒకే చోట కట్టేస్తే ఆ కుర్రాడికి అర్థమయ్యేది ఒక్కటే, తన వయసే నేరమని.

ఈ ఊరి పెద్దల మీద నాకు నిజంగా కోపం వచ్చేది సంక్రాంతికి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ డెల్టా అంతా కోడి పందేల బరులే. భీమవరం చుట్టూ, కోనసీమ తోటల్లో, ఫ్లడ్‌లైట్లు పెట్టి రాత్రంతా. కోడి పందేలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. పందెం డబ్బులు కట్టడం 1974 గేమింగ్ చట్టం కింద నేరం. హైకోర్టు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. బరి పక్కనే గుండాట అనే జూదం, మందు, చేతుల్లో నోట్ల కట్టలతో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. అక్కడ పదిన్నరకి విజిల్ వినపడదు. ఎమ్మెల్యేలు వచ్చి కూర్చుంటారు, టీవీలు లైవ్ ఇస్తాయి. అలాగే 2025 జనవరిలో ఒక పెద్ద సినిమాకి అర్ధరాత్రి ఒంటిగంట ఆట వేసుకోవచ్చని, టికెట్ 600 అని ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. అంటే అర్ధరాత్రి కుర్రాడు బయట ఉండటం మనకి అభ్యంతరం కాదు. వాడి జేబులోంచి డబ్బు వస్తుంటే ఉండొచ్చు. ఖర్చు పెట్టకుండా గాలికి కూర్చుంటేనే శాంతిభద్రతల సమస్య అవుతాడు. ఇది అన్యాయం. పిల్లలు మన మాట ఎందుకు వినరు అని అడిగే ముందు ఈ తేడా వాళ్లకి ఎలా కనపడుతోందో ఆలోచించాలి.

జనం గుమిగూడిన చోట ప్రాణాలు ఎలా పోతాయన్నది మనం సరిగ్గా చూడటం లేదు. నా బాధంతా అక్కడే.

2015 జూలై 14. పుష్కరాల మొదటి రోజు. కోటగుమ్మం దగ్గర, ఇదే పుష్కర ఘాట్‌లో 27 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు. అప్పుడు రాత్రి కాదు, తెల్లవారి వెలుగులో. వచ్చినవాళ్లు అల్లరి కుర్రాళ్లు కాదు, పుణ్యం కోసం వచ్చిన అమ్మమ్మలు, నాన్నమ్మలు. అన్ని ఘాట్లు ఉండగా ఆ ఒక్క ఘాట్‌కే జనం రావడం, వీఐపీల స్నానం అయ్యేదాకా బయట ఆపి ఉంచడం, తర్వాత ఒక్కసారిగా వదలడం, లోపలికి వెళ్లేవాళ్లూ బయటికి వచ్చేవాళ్లూ ఒకే దారిలో ఎదురుపడటం. జస్టిస్ సోమయాజులు కమిషన్ వేశారు. ఆ నివేదిక ముహూర్తానికే మునగాలన్న జనం నమ్మకాన్ని, దానికి మీడియా చేసిన ప్రచారాన్ని ప్రధానంగా తప్పుపట్టింది. చచ్చిపోయినవాళ్ల నమ్మకం మీదకి నెట్టేసి మనం ఊపిరి పీల్చుకున్నాం. నాకైతే ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

సియోల్‌లో ఇటేవాన్ అని కుర్రకారు వెళ్లే వినోదాల పేట ఉంది. 2022 అక్టోబరు 29 రాత్రి హాలోవీన్ పండక్కి వచ్చిన 159 మంది ప్రాణాలు పోవడానికి కారణమైంది అక్కడ ఒక ఏటవాలు సందు. వెడల్పు మూడు మీటర్ల పైచిలుకు. సాయంత్రం 6:34కే ఒకరు పోలీసు నంబరుకి ఫోన్ చేసి, ఇక్కడ జనం నలిగిపోతున్నారు, దారి సరిచెయ్యండి అని చెప్పారు. ఘోరం జరిగింది రాత్రి పది దాటాక. మధ్యలో అలాంటి ఫోన్లు పది దాకా వచ్చాయి. ఆ రాత్రి అక్కడ 137 మంది పోలీసులు ఉన్నారు. వాళ్లు చూస్తున్నది డ్రగ్స్, దొంగతనాలు, అల్లర్లు. సందులో ఎంతమంది ఉన్నారన్నది చూసే పని ఎవరికీ లేదు. మూడున్నర గంటల టైమ్ ఉంది. సందుకి ఒక చివర ఇద్దరు నిలబడి, ఇటు నుంచి రావద్దు, అటు నుంచి పోండి అని ఉంటే చాలేది.

2025 జూన్ 4న బెంగళూరు స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయింది పట్టపగలు. ఫ్రీ ఎంట్రీ అని చెప్పి, మూసిన గేట్ల ముందుకి జనాన్ని రప్పించారు. హైదరాబాద్‌లో 2024 డిసెంబరు 4న ప్రీమియర్ షో దగ్గర చనిపోయింది కొడుకుతో సినిమాకి వచ్చిన ఒక తల్లి.

వీటిల్లో దేన్నీ వయసు ఆపలేదు, గంట ఆపలేదు. జనం గురించి పనిచేసే ఇంజనీర్లు చెప్పేది సూటిగా ఉంటుంది. చదరపు మీటరుకి నలుగురు దాకా ఉంటే మనిషి తన ఇష్టప్రకారం కదలగలడు. అయిదూ ఆరూ దాటితే కాళ్లు తన మాట వినవు, వెనకవాళ్ల తోపు ముందువాళ్ల ఛాతీ మీద పడుతుంది. చాలామంది కింద పడి తొక్కించుకుని కాదు, నిలబడే ఊపిరాడక చనిపోతారు. కాబట్టి చూడాల్సింది ఆ చదరపు మీటరులో ఎంతమంది ఉన్నారు, బయటికి పోయే దారి ఎంత వెడల్పు, ఎవరైనా ఎదురొస్తున్నారా అని.

డెల్టా మనిషికి ఈ లెక్క కొత్తది కాదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. మొదటిదానికే లంకల్లో పశువుల్ని గట్టెక్కిస్తారు. రెండోదానికి పడవలు సిద్ధం. ఎగువ నుంచి ఎంత వస్తోంది, దిగువకి ఎంత వదలాలి అని గంటగంటకీ చూసి 175 గేట్లని నడుపుతారు. గోదారిని ఫలానా టైముకి ఆగిపొమ్మని ఎవరూ అనరు. కాటన్ దొర ఆనకట్ట కట్టిన 1852 నుంచి ఈ నేల మీద మనం బతుకుతున్నది ఆ తెలివితోనే. అదే తెలివిని గట్టు మీద జనానికి ఎందుకు వాడం?

గట్టుకీ మూడు హెచ్చరికలు ఉండాలి. కెమెరాలు ఎలాగూ పెట్టారు, వాటిని లెక్కపెట్టడానికి వాడండి. జనం ఒక మోతాదు దాటగానే బైకుల్ని కోటగుమ్మం అవతలే ఆపెయ్యాలి, గట్టు మీద నడకే. ఇంకా పెరిగితే వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి. మూడో మట్టానికి కొత్తగా రానివ్వకూడదు, పోయేవాళ్లకి మాత్రం అన్ని దారులూ తెరిచి ఉంచాలి. మైకులో తిట్లు కాకుండా కబురు చెప్పాలి: గోదావరి స్టేషన్ వైపు ఖాళీగా ఉంది, అటు వెళ్లండి, ఫలానా రేవు దగ్గర చోటుంది అని. బళ్లని మూసెయ్యమనకుండా, పదిన్నర నుంచి పన్నెండు దాకా ఒక్కో వరస మూసుకుంటూ పోతే జనమూ అలాగే పలచబడతారు.

కర్ఫ్యూ పనిచేస్తుందా అని అడిగేవాళ్లకి అమెరికా నగరాలు మంచి ఉదాహరణ, ఎందుకంటే దశాబ్దాలుగా వాళ్లు దాన్ని వాడి చూశారు. షికాగోలో 18 ఏళ్లలోపు పిల్లలు రాత్రి పది దాటాక బయట ఉండకూడదు. అయినా ఫోన్లలో పిలుపులు ఇచ్చుకుని వందల సంఖ్యలో డౌన్‌టౌన్‌కి వస్తున్నారని, పోలీసులు అప్పటికప్పుడు ఎక్కడైనా కర్ఫ్యూ ప్రకటించేలా 2025 జూన్‌లో నగర కౌన్సిల్ 27-22 ఓట్లతో తీర్మానించింది. మేయర్ బ్రాండన్ జాన్సన్ వీటో చేశారు. 2016లో క్యాంప్‌బెల్ కొలాబరేషన్ అనే సంస్థ, పిల్లల కర్ఫ్యూల మీద జరిగిన 12 అధ్యయనాలని కలిపి పరిశీలించింది. నేరాలు తగ్గినట్టు తేలలేదు.

ఐస్‌లాండ్ గురించి ఎదురు చెబుతారని తెలుసు, ఎందుకంటే అక్కడ కర్ఫ్యూ ఉంది, పిల్లల తాగుడు నిజంగానే తగ్గింది. 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో నెలలో ఒక్కసారైనా తాగి ఒళ్లు తెలియకుండా ఉన్నవాళ్లు 42 శాతం. 2016కి 5 శాతం. అయితే అక్కడ జరిగినదంతా చూడాలి. ఆటలకి, సంగీతానికి, డాన్సుకి అయ్యే ఖర్చు కోసం రేక్యావిక్‌లో పిల్లల పేరు మీద ఏటా డబ్బు ఇస్తారు. సాయంత్రాలు తలుపులు తెరిచి ఉండే ఇండోర్ స్టేడియాలు కట్టారు. రాత్రిళ్లు వీధుల్లో తల్లిదండ్రులే జట్లుగా తిరిగారు, లాఠీ పట్టుకుని కాదు, పిల్లల్ని పలకరించడానికి. పిల్లలకి వెళ్లడానికి ఒక చోటు ముందు ఇచ్చారు. మనం ఉన్న ఒక్క చోటునీ లాక్కుని ఐస్‌లాండ్ పేరు చెప్పడం న్యాయం కాదు.

గట్టు పక్కన ఇళ్లున్నవాళ్ల బాధ నిజమైనదే. సైలెన్సర్లు మార్చిన బైకులు ఆ సందుల్లో పోతుంటే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, గుండెజబ్బు ఉన్న పెద్దాయన రాత్రంతా నిద్రపోలేడు. నా స్నేహితుడి ఇంట్లో నేనే చూశాను. దానికి చట్టం ఉంది. శబ్దకాలుష్య నిబంధనలు 2000 నుంచి ఉన్నాయి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు కూడదు. సైలెన్సరు మార్చిన బండిని మోటారు వాహనాల చట్టం కింద పట్టుకోవచ్చు. ఆ బండిని పట్టుకోండి, ఫైన్ వేయండి, సైలెన్సరు పీకేయించండి. గోల చేసేవాడు పదిమందైతే పదిమందినీ పట్టుకోవాలి. వాళ్ల వంక పెట్టి వెయ్యిమందిని తరిమితే, ఆ పదిమందీ కూడా దర్జాగా బైకు మోత మోగించుకుంటూనే పోతారు.

గంజాయి గురించి నాకు ఇంకా ఎక్కువ భయం. క్లాసులో కళ్లు ఎర్రగా, మాట తడబడుతూ కూర్చున్న పిల్లల్ని చూశాను. ఆ టెన్షన్ తల్లిదండ్రులకి ఎంత ఉంటుందో తెలుసు. రాష్ట్రం ఈగల్ అని ప్రత్యేక దళం పెట్టింది, 1972 నంబరుకి ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ గంజాయి అమ్మేవాడు లైటు కింద, బజ్జీల బండి పక్కన, ఆడపిల్లలు తిరుగుతున్న చోట అమ్మడు. వాడికి కావాల్సింది ఖాళీ చేసిన చోటు. గట్టు మీద నుంచి హైవే చీకట్లోకి మనం తరుముతున్న పిల్లలు వాడికి ఎదురెళ్తున్నారు.

ఆడపిల్లల సంగతి అందరూ అడ్డుగా వాడతారు, వాళ్లని మాత్రం అడగరు. హాస్టళ్లలో వాళ్లకి ఎలాగూ కర్ఫ్యూ ఉంది, సాయంత్రం ఆరున్నరకో ఏడుకో గేటు పడుతుంది. అదే కాలేజీ అబ్బాయిల హాస్టల్ గేటు ఎప్పుడు పడుతుందో వాచ్‌మన్‌కి కూడా తెలీదు. బట్టల షాపులో పనిచేస్తూ డిగ్రీ ప్రైవేటుగా కట్టిన ఒక పూర్వ విద్యార్థిని చెప్పింది: "సార్, గట్టు మీద బళ్లు ఉంటే నేను అటు నుంచే నడిచి ఇంటికెళ్తాను. బళ్లు లేకపోతే ఆటోకి యాభై పెట్టాలి." రాత్రి రోడ్డు మీద మనుషులు ఉండటమే ఆ అమ్మాయికి రక్షణ. వాళ్లని ఇంటికి పంపేసి, మిగిలిన చీకటి రోడ్డుని ఆమెకి వదిలేస్తున్నాం. వెకిలి వేషాలు వేసేవాడు ఉంటే వాడిని పట్టుకోవడానికి మఫ్టీలో ఆడ పోలీసుల్ని పెట్టండి, గట్టు పొడుగునా లైట్లు వెయ్యండి, ఆడవాళ్లకి శుభ్రమైన టాయిలెట్లు కట్టండి. ఇవేవీ లేకుండా గంట మాత్రం కొడితే, గట్టు మీద అబ్బాయిలు తగ్గేది కొద్దిగా, అమ్మాయిలు పూర్తిగా.

కుర్రాళ్లకి బాధ్యత ఉండదు అనేవాళ్లు కనుమ రోజున కోనసీమ వెళ్లి చూడాలి. అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి, వస్తాయి. 2023 రిపబ్లిక్ డే పెరేడ్‌లో మన రాష్ట్రం శకటంగా వెళ్లింది ఈ తీర్థమే. ఎత్తైన ఆ ప్రభల్ని భుజాల మీద మోసేది ఎవరు? ఈ వయసు కుర్రాళ్లే. చేలల్లో పంట తొక్కుకుంటూ, గంగలకుర్రు అగ్రహారం ప్రభనైతే నడుము లోతు నీళ్లలో కౌశిక అనే పాయ దాటిస్తూ. లెక్కలేనంత జనం. ఒక అడుగు తప్పితే ప్రభ మీద పడుతుంది. ఎవరు ముందు పట్టాలి, ఎవరు వెనక తాడు లాగాలి, ఎక్కడ భుజం మార్చుకోవాలి అన్నది వాళ్లే చూసుకుంటారు. పెద్దవాళ్లు పక్కన ఉండి అరుస్తారు, అంతే. అదే కుర్రాడు ఆదివారం రాజమండ్రి వచ్చి గట్టు మీద కూర్చుంటే అనుమానితుడు అయిపోతాడు. ఊరు వాడి భుజం మీద బరువు పెట్టింది కాబట్టి అక్కడ మోశాడు. ఇక్కడ మనం వాడికి ఏ పనీ అప్పజెప్పలేదు.

కాలేజీల ఎన్ఎస్ఎస్ పిల్లలున్నారు, ఎన్‌సీసీ వాళ్లున్నారు, అభిమాన సంఘాలున్నాయి. సినిమా రిలీజు రోజున థియేటర్ ముందు పాలాభిషేకాలకి జనాన్ని కూడగట్టగలిగినవాడికి, జనాన్ని ఒక వరసలో నడిపించడం చేతకాదా? శిక్షణ ఇవ్వాలి, జాకెట్టు ఇవ్వాలి, భోజనం పెట్టాలి, రాత్రికి ఇంత అని డబ్బు ఇవ్వాలి. ఊరికే సేవ చెయ్యమనకండి. పోలీసు విజిల్‌కి లేవని కుర్రాడు, తన క్లాస్‌మేట్ వచ్చి "గురూ, అటు ఇరుకుగా ఉంది, ఇటు నుంచి రండి" అంటే లేస్తాడు. ఇది నేను కాలేజీ వార్షికోత్సవాల్లో ఎప్పుడూ చూసేదే.

ఇదంతా ఇప్పుడే చెయ్యాలి అనడానికి కారణం ఉంది. 2025 జూన్ 26న 94 కోట్ల పైచిలుకుతో అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. వందేళ్లు దాటిన హేవ్‌లాక్ బ్రిడ్జిని పర్యాటక స్థలంగా మారుస్తారు, పుష్కర ఘాట్‌ని బాగుచేస్తారు. అంటే గట్టు అంతా వినోదాల పేట కాబోతోంది. రమ్మని మనమే డబ్బు పెట్టి పిలుస్తున్నాం. 2027 జూన్ 26 నుంచి జూలై 7 దాకా పుష్కరాలు. ఈలోగా వచ్చే ప్రతి శనివారం రాత్రీ మనకి ఒక రిహార్సల్. కెమెరాల్లో జనాన్ని లెక్కపెట్టడం, దారులు విడదీయడం, వలంటీర్లతో పనిచెయ్యడం, మైకులో మర్యాదగా మాట్లాడటం, ఇవన్నీ కొద్ది వేలమంది కుర్రాళ్లతో తప్పులు చేసి దిద్దుకోవచ్చు. లక్షలమంది ముసలివాళ్లతో దిద్దుకోలేం.

మునిసిపల్ కార్పొరేషన్‌నీ ఆర్టీసీనీ నేను ముందుగా అడిగేది చిన్నది. శని, ఆదివారాల్లో రాత్రి పదకొండుకి ఒకటి, పదకొండున్నరకి ఒకటి, పన్నెండుకి ఒకటి కోటగుమ్మం నుంచి బస్సులు వెయ్యండి. ఒకటి కొవ్వూరుకి, ఒకటి మోరంపూడి మీదుగా కడియంకి, ఒకటి రాజానగరం హాస్టళ్ల వైపు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ చేశారు, సంతోషం. కానీ రాత్రి తొమ్మిది దాటాక పల్లెలకి బస్సే లేకపోతే ఆ టికెట్ ఎవరికి ఉపయోగం? బస్సు ఉంటే బైకు ఇంట్లో వదిలి వస్తారు. టైము గోడ మీద రాసి ఉంటే కుర్రాళ్లే లేచి వెళ్తారు. మూడు నెలలు నడిపి చూడండి, ఎంతమంది ఎక్కారో, ఆ మూడు నెలల్లో రాత్రి ప్రమాదాలు ఎన్నో పక్కపక్కన పెట్టి ఊరికి చూపించండి. ఆ తర్వాత కూడా కర్ఫ్యూ కావాలనేవాళ్లు ఉంటే వాళ్లతో కూర్చుని మాట్లాడటానికి నేను సిద్ధం, గట్టు మీదే, రాత్రి పదకొండింటికి.